ఎవరిదీ కాని సూదిమందు

కుడిచెయ్యి మళ్ళీ వాచింది.

పొద్దున్న పెళ్ళివారి పట్టు జాకెట్టు కత్తిరిస్తున్నప్పుడే సుమకి అనుమానం వచ్చింది. కత్తెర పిడి ఒరుసుకునే చోట ముందు చిమచిమలాడింది, తర్వాత చర్మం బిగుసుకుంది. దురద లేదు, ఎరుపు లేదు, జ్వరం అసలే లేదు. ఊరికే వాపు. మధ్యాహ్నానికల్లా అరచెయ్యి పూరీలా పొంగింది. వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. ఉంగరం ముందే తీసి దేవుడి దగ్గర కుంకుమభరిణెలో పడేసింది. ఆ ఉంగరం సుమ వేలికి ఉన్న రోజులకన్నా ఆ భరిణెలో ఉన్న రోజులే ఎక్కువ.

కనకాలపేటలో పెళ్ళి జాకెట్టంటే సుమే కుట్టాలి. ఆ పేరు తెచ్చుకోవడానికి ఎన్నేళ్ళు పట్టిందో గానీ, ఇప్పుడా పేరే ఆమె ప్రాణం తోడేస్తోంది. మూఢం వెళ్ళి ముహూర్తాలన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. మిషను పక్కన బల్లమీద పట్టు, బెనారసు, వర్కు గుడ్డలు గుట్టగా పేరుకున్నాయి. ఆ గుట్టని చూస్తే సుమకి కుట్టాలనిపించదు, దానిమీదే తల వాల్చి పడుకోవాలనిపిస్తుంది.

"అమ్మా, ఇంజక్షన్ చేసుకో."

గుమ్మంలో కూతురు మౌనిక నిలబడి ఉంది. డిగ్రీ మొదటి సంవత్సరం. కాలేజీ బ్యాగు ఇంకా భుజానే ఉంది.

"చేతి వాపుకి ఇంజక్షనేంటే? రేపో ఎల్లుండో అదే తగ్గిపోద్ది."

"చెయ్యైనా సరే, పని ఆగిపోయేలా ఉంటే చేసుకోమన్నారు కదా డాక్టరమ్మ. మొదట్లోనే చేసుకుంటే తొందరగా తగ్గుతుందనీ అన్నారు."

"అది మావయ్యదే."

మౌనిక లోపలికెళ్ళి ఫ్యాను స్విచ్చి వేసి, బ్యాగు మేకుకి తగిలించింది. ఈ పిల్ల ఈమధ్య వాదించడం మానేసింది. పెద్దదవుతోంది, బుద్ధి వస్తోంది అని సుమ సంతోషించింది కూడా. తల్లులకి అలాంటి సంతోషాలు అప్పుడప్పుడూ కలుగుతుంటాయి, పాపం.

ఆ సూదిమందు సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ ఇంటి మనుషుల తిక్క మీకు అర్థం కాదు.

వీళ్ళ వంశంలో ఒక వాపు ఉంది. ఒకసారి చేతికొస్తుంది, ఒకసారి కాలికొస్తుంది, ఒకసారి పెదవి పొంగి మనిషిని గుర్తుపట్టకుండా చేస్తుంది. కడుపులోకి వచ్చిందంటే పేగులు మెలేసి పిండినట్టు, కక్కుకోవడం, నేలమీద దొర్లడం. రెండు మూడు రోజులకి దానంతటదే పోతుంది. అందుకే ఎవరూ దాన్ని జబ్బనుకోలేదు. "మనింటి వాపు" అనేవారు, మనింటి ఆవకాయ అన్నట్టు. సుమ తండ్రి ఉమామహేశ్వరం పోస్టుమాను. ఒకరోజు పన్ను పీకించుకున్నాడు. మర్నాటికి దవడ వాచింది, తర్వాత గొంతు వాచింది. పంటి పోటేలే అని పసుపు పట్టించుకుని పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. పడనిదేదో తిన్నాడన్నారు, పురుగు ముట్టిందన్నారు, కళ్ళు పడ్డాయన్నారు. నోరున్న ప్రతివాడూ ఒక కారణం చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

అసలు కారణం చెప్పింది పుదుచ్చేరి డాక్టరమ్మ. సుమకీ, అన్నయ్య చిన్నారావుకీ రక్తం తీసి చూసి, తమిళం యాస తెలుగులో నెమ్మదిగా చెప్పింది. ఇది ఎలర్జీ కాదు. పుట్టుకతో వచ్చింది. ఒంట్లో వాపుని అదుపులో పెట్టే సరుకొకటి మీకు సరిగ్గా లేదు. ఎలర్జీ బిళ్ళలు, ఎలర్జీ సూదులు దీనికి పనిచెయ్యవు. దీని మందు వేరే ఉంది. మీకు మీరే పొట్టమీద పొడుచుకోవచ్చు. గొంతులో వస్తే మాత్రం పొడుచుకుని ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. పన్ను పీకించుకోవాలన్నా, ఆపరేషనన్నా ముందు నాకు ఫోను చెయ్యాలి. చెప్పి, చెరొక మందు పెట్టె ఇప్పించింది. ఇంటిల్లిపాదికీ నర్సు చేత పొడుచుకోవడం నేర్పించింది. ఆ మందు తేలిగ్గా దొరికేది కాదు. ఒకటి వాడితే మళ్ళీ రాయించుకుని తెప్పించుకోవాలి, దానికి మళ్ళీ పుదుచ్చేరి ప్రయాణం. మన ఊరు పుదుచ్చేరి సర్కారు కిందిదే గానీ, పుదుచ్చేరి మన పెరట్లో లేదు కదా, రాత్రంతా రైల్లో పోవాలి.

అక్కడిదాకా బాగానే ఉంది. పాడుచేసింది చిన్నారావు.

శ్రావణమాసంలో చెల్లెలికి పసుపు కుంకుమ ఇవ్వడానికి మెట్టకూరు నుంచి వచ్చాడు. జాకెట్టుముక్క, గాజులు, అరటిపళ్ళు, వాటిమధ్య తన మందు పెట్టె. పెట్టెమీద పసుపు బొట్టు కూడా. "నీకు గొంతులో వత్తే ఇంటికాడ మగోడు కూడా ఉండడు. రెండుంటే నాకు నిద్దరపడద్ది" అన్నాడు. సుమ భర్త వెంకటేశ్వరరావు రొయ్యల మేత లారీ నడుపుతాడు, వారంలో సగం రోజులు రోడ్డుమీదే. అన్నయ్య మాట కాదనలేకపోయింది. కళ్ళనీళ్ళు పెట్టుకుని తీసుకుని ఫ్రిజ్జులో పెట్టింది.

కిందటేడు ఆమెకి నిజంగానే గొంతులో వచ్చింది. తన పెట్టె వాడుకుంది, బతికి బయటపడింది. తర్వాత పుదుచ్చేరి వెళ్ళాలి, కొత్తది తెచ్చుకోవాలి. ఇదిగో అదిగో అంటూనే ఏడాది గడిచింది. పెళ్ళిళ్ళయ్యాక వెళ్దామంటే పరీక్షలొచ్చాయి, పరీక్షలయ్యాక అంటే మళ్ళీ పెళ్ళిళ్ళొచ్చాయి.

ఇక మిగిలింది ఒక్కటి. అది అన్నయ్యది, ముట్టుకోకూడదంటుంది సుమ. చిన్నారావుని అడిగితే, ఆడపడుచుకి బొట్టుపెట్టి ఇచ్చింది వెనక్కి తీసుకుంటే ఆ ఇల్లు బాగుపడదంటాడు. సుమ రెండుసార్లు బలవంతాన తీసుకెళ్ళి ఇవ్వబోతే గుమ్మంలోంచే తిప్పి పంపించాడు. అలా ఆ సూదిమందు ఎవరిదీ కాకుండా పోయింది. సుమ వాచిన చేత్తో కాజాలు కుడుతుంది. చిన్నారావు రొయ్యల చెరువుగట్టుమీద తన కాపలా షెడ్డులో పొట్ట పట్టుకుని దొర్లుతాడు. మందు మాత్రం ఫ్రిజ్జులో, అల్లం ముక్కకీ కరివేపాకుకీ మధ్య చల్లగా కూర్చుంటుంది. దాని గడువు తేదీ దగ్గరపడుతూ ఉంటుంది.

ఆ మధ్యాహ్నం ఫోను మోగింది. వదిన శిరీష.

"సుమా, చెప్పొద్దన్నాడు గానీ నాకు భయమేత్తందమ్మా. మీ అన్నయ్య నిన్న సాయంత్రం పన్ను పీకించుకొచ్చేడు."

సుమ చేతిలో ఫోను జారిపోబోయింది. "పన్నా? ఎవర్నడిగి? డాక్టరమ్మకి ఫోను చేశాడా?"

"చెయ్యలేదు. చేత్తే మందు దగ్గరుంచుకుని ఎల్లమంటారంట. మందు నీ కాడుంది కదా. చెల్లిని అడుగుతానేటే అన్నాడు. పళ్ళ డాక్టరు ఏవన్నా జబ్బులున్నాయా అనడిగితే ఏం లేవన్నాడంట. ఇప్పుడు దవడంతా వాచిపోయింది. ఎలర్జీ బిళ్ళ తెప్పించి వేసేను. ఏం తగ్గలేదు."

"మాటెలా ఉంది వదినా?"

"ముద్దముద్దగా వత్తంది. ఇందాక మంచినీళ్ళు మింగలేకపోయేడు."

సుమకి తండ్రి మంచం కళ్ళముందు మెదిలింది. మెడ చుట్టూ పూసిన పసుపు గుర్తొచ్చింది. స్టూలుమీద కూలబడింది. మౌనిక ఫోను లాక్కుంది.

"అత్తా, మావయ్యని ఇప్పుడే ఆసుపత్రికి బయల్దేరదియ్యి. మేం మందు పట్టుకుని అక్కడికే వస్తాం."

"చెప్పేనమ్మా. పంటి వాపుకి ఆసుపత్రేటంటన్నాడు. కదలట్లేదు."

"అయితే ఆటో పిలిపించి గుమ్మంలో ఉంచు. మేమే వస్తున్నాం."

ఫ్రిజ్జు తెరిచి పెట్టె తీసింది, బీరువాలోంచి డాక్టరమ్మ ఇచ్చిన కార్డు తీసింది. స్కూటీ బయటికి తెచ్చింది. సుమ వెనక కూర్చుని, వాచిన చేతిని ఒళ్ళో పెట్టుకుంది. అది తన చెయ్యిలా లేదు, ఎవరో ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయిన బరువులా ఉంది. మెట్టకూరు దాకా ఆమె అన్నయ్యని తిడుతూనే ఉంది. పైకి కాదు, పళ్ళ మధ్యనే. నాన్న ఎలా పోయాడో చూసినవాడివి. నాన్నని మోసినవాడివి. నీకేం పోయేకాలం వచ్చిందిరా అన్నయ్యా!

చిన్నారావు అరుగుమీద కూర్చుని ఉన్నాడు. తువ్వాలు మెడకి చుట్టుకుని, ముందుకి వంగి, ఉమ్మి మింగలేక గ్లాసులోకి వదులుతున్నాడు. ఒక చెంప పొంగి కన్ను సగం మూసుకుపోయింది. చెల్లెల్ని చూసి నవ్వబోయాడు. ఆ ముఖంలో నవ్వెక్కడ పడుతుంది?

మౌనిక చేతిలో పెట్టె చూడగానే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"వొద్దు. అది నీది," అన్నాడు. నోట్లో ఉడికిన దుంప పెట్టుకుని మాట్లాడినట్టుంది. "నీకు... ఇచ్చేసింది. ఇచ్చింది... తీసుకోకూడదే."

ఆ మాటతో సుమకి ఏళ్ళతరబడి లోపల అణిచిపెట్టుకున్నది ఒక్కసారిగా పైకి వచ్చింది.

"నీ సారె తగలెయ్యా! నీ పసుపు కుంకుమ తగలెయ్యా! నువ్వు పోయాక పుట్టింటి నుంచి నాకు బొట్టు పెట్టేదెవడురా? వదిన మొహం చూడు. ఒక్కసారి చూడు. నాన్నలాగే పోదామనుకుంటున్నావా? నాకింక ఓపిక లేదు అన్నయ్యా. ఇంకో మంచం చూసే ఓపిక నాకు లేదు!"

వీధిలో వాళ్ళు ఆగి చూశారు. చిన్నారావు తల దించుకున్నాడు గానీ చెయ్యి మాత్రం దించలేదు.

సుమ కూతురి చేతిలోంచి పెట్టె లాక్కుంది. పైనున్న రేకు పట్టుకుని లాగాలి. బొటనవేలు వంగలేదు. మళ్ళీ పట్టుకుంది. రేకు అంచు వేళ్ళకి తగులుతోంది గానీ పట్టు చిక్కడంలేదు. ఎడమచేత్తో ప్రయత్నించింది. ఆ చేతికి అలవాటు లేదు, అంచు జారిపోయింది. పొద్దున్నే మందు వేసుకుని ఉంటే ఈపాటికి వేళ్ళు వంగేవి. వేసుకుని ఉంటే ఇక్కడ మందే ఉండేది కాదు. ఏడాది కిందటే పుదుచ్చేరి రైలెక్కి ఉంటే రెండూ ఉండేవి. ఆలోచన ఎటు తిప్పినా తనకే వచ్చి తగులుతోంది. ఊళ్ళో అందరి జాకెట్లకీ హుక్కులు కుట్టే చెయ్యి, సొంత అన్నయ్యకి ఒక రేకు విప్పలేకపోయింది.

"ఇలా ఇయ్యమ్మా," అంది మౌనిక.

ఆ గొంతులో కంగారు లేదు. తొట్టి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంది. రేకు విప్పి సిరంజి వెలుతురుకి పెట్టి చూసింది. మందు నీళ్ళలా తేటగా ఉంది. తేదీ చూసింది, ఇంకా గడువుంది. సూది బిగించింది. మేనమామ చొక్కా పైకెత్తి, బొడ్డుకి పక్కగా కిందికి బెత్తెడు జరిగి, దూదితో తుడిచి, చర్మం మడతపెట్టి పట్టుకుంది.

"మావయ్యా, కాస్త మండుతుంది. కదలకు."

చిన్నారావు వద్దని నోరు తెరిచాడు. మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అతను ఒక మాటకి ఎదురుచెప్పలేకపోవడం అదే మొదలు. కళ్ళు పెద్దవయ్యాయి. తనకి నిజంగా ఏం జరుగుతోందో అప్పుడు తెలిసింది అతనికి. రెండు చేతులతో అరుగు అంచు పట్టుకుని, పొట్ట వదులుగా పెట్టాడు.

మౌనిక పొడిచింది. తొందరపడి నొక్కేయలేదు. "ఒకటి, రెండు, మూడు..." అని పైకే లెక్కపెడుతూ, ముప్పై వచ్చేదాకా సన్నగా నొక్కుకుంటూ పోయింది. శిరీష గోడవైపు తిరిగి సాయిబాబా పేరో ఏసుప్రభువు పేరో, ఎవరు దొరికితే వాళ్ళ పేరు తలుచుకుంటోంది. సూది తీసేసరికి ఆ చోట ఎర్రగా కందింది. "అది మామూలే," అంది మౌనిక. "లే మావయ్యా, ఆటో ఎక్కు. తగ్గేదాకా ఆగకూడదు, ఇప్పుడే వెళ్ళాలి."

చిన్నారావు కిక్కురుమనకుండా లేచాడు.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు వాపు చూడగానే ఎలర్జీ సూది తెమ్మన్నాడు. మౌనిక కార్డు అందించింది. అతను కార్డంతా చదివాడు, మళ్ళీ చదివాడు, పుదుచ్చేరికి ఫోను కలిపాడు. తర్వాత ఊపిరి అందకపోతే వెయ్యడానికి గొట్టం అదీ మంచం పక్కన సిద్ధం చేయించి, నర్సుని అక్కడే కూర్చోబెట్టి బయటికి వచ్చాడు. "ముందే పొడిచి తెచ్చారు, మంచిపని చేశారండీ. ఇది నేను చదువుకున్నానంతే, చూడ్డం ఇదే మొదటిసారి," అన్నాడు.

మిగతావాళ్ళు చెయ్యాల్సింది ఎదురుచూడ్డమే. శిరీష లోపల ఉంది. తల్లీకూతుళ్ళు వరండాలో బల్లమీద కూర్చున్నారు. సుమ వెన్ను గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది. ఏడుద్దామనుకుంది గానీ, అందుకూ ఓపిక చాలలేదు. ఎవరో టీ తెచ్చిచ్చారు. ఎడమచేత్తో పట్టుకుని తాగకుండానే కూర్చుంది. చాలాసేపటికి శిరీష గుమ్మంలోకి వచ్చి, "ఉమ్మి మింగేడు," అంది. ఆ రెండు మాటలూ చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ లోపలికెళ్ళిపోయింది.

అప్పుడు సుమ టీ తాగింది. చల్లారిపోయింది.

"నీకంత బాగా ఎలా వచ్చిందే?" అంది. "నర్సు చూపించింది ఒక్కసారే కదా. నాకైతే ఆరోజు తల తిరిగిపోయింది."

మౌనిక గోళ్ళకేసి చూసుకుంటోంది. "ఎన్నోసార్లు చేసుకున్నాను. మనసులో."

"మనసులో ఏంటి?"

"కడుపులో మెలిపెట్టినప్పుడు. కళ్ళు మూసుకుని ఫ్రిజ్జు తీసినట్టు, చేతులు కడుక్కున్నట్టు, సూది బిగించినట్టు అనుకుంటాను. ముప్పై అంకెలు లెక్కపెడతాను. అయిపోయింది, ఇంక తగ్గిపోతుంది అనుకుంటాను. అప్పటికి కాస్త ఓర్చుకోగలను."

సుమ కళ్ళు తెరిచింది. వరండాలో ఎవరో గచ్చు కడుగుతున్నారు.

"కడుపులో మెలిపెట్టడమేంటే? నీకా? నీకు ఎప్పట్నించి?"

"ఇంటర్ రెండో సంవత్సరం నించి."

"అది నెలసరి నొప్పి అన్నావు కదే! వాము నీళ్ళు ఇచ్చాను. వేడినీళ్ళ సంచి పెట్టాను."

"నెలసరి నెలకి రెండుసార్లు వస్తుందా అమ్మా?" అంది మౌనిక. నిష్ఠూరంగా అనలేదు. అలసిపోయి అంది, సుమ మాట్లాడినట్టే. "నువ్వు చూసుకోలేదంతే."

డాక్టరమ్మ అప్పుడే చెప్పింది, అమ్మాయికీ పరీక్ష చేయించండి, కన్నపిల్లలకి సగానికి సగం వచ్చే అవకాశముంది అని. సుమే పెళ్ళిళ్ళయ్యాక చేయిద్దామనుకుంది. పిల్ల నిక్షేపంలా ఉంది కదా అనుకుంది. నిక్షేపమట! పక్కగదిలో దిండు కరుచుకుని పడుకున్న పిల్ల.

"ఎందుకు చెప్పలేదే నాకు?"

"చెప్తే ఏమవుతుంది? ఒకటే ఉంది. అది మావయ్యదని నువ్వంటావు, నీదని మావయ్య అంటాడు. అంతంత వాపులకే మీరిద్దరూ ముట్టుకోలేదు. మధ్యలో నేనెవర్ని అడగను? నువ్వు వాచిన చేత్తో కుట్టుకుంటూ కూర్చుంటే, నేను కడుపునొప్పని ఎలా పడుకోను?" మౌనిక మళ్ళీ గోళ్ళకేసి చూసుకుంది. "మనింట్లో ఇంతేనేమో అనుకున్నాను. ఓర్చుకోవాలేమోననుకున్నాను."

సుమ ఆ పిల్లని దగ్గరికి తీసుకోబోయింది. కుడిచెయ్యి సరిగ్గా పట్టుకోలేక భుజంమీద మొద్దులా పడింది. తన తండ్రి నుంచి తనకి వాపొక్కటే వచ్చిందనుకుంది ఇన్నాళ్ళూ. వాపుతోపాటు ఈ నోరుమూసుకోవడం కూడా వచ్చింది. రక్తంలో వచ్చినదాన్ని తను ఆపలేదు. ఈ రెండోది మాత్రం తనే దగ్గర కూర్చోబెట్టుకుని, రోజూ చూపించి మరీ నేర్పింది. అనుకునేసరికి, ఇందాక రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. టీ గ్లాసు ఒళ్ళో పెట్టుకుని, గచ్చు కడిగే ఆవిడ చూస్తోందని కూడా లేకుండా ఏడ్చింది.

మర్నాడు పొద్దున చిన్నారావు మంచంమీద కూర్చుని ఇడ్లీ పాలలో ముంచుకుని తింటున్నాడు. చెంప ఇంకా కొంచెం వంకరగానే ఉంది. అప్పటికే డాక్టరమ్మ ఫోనులో అతన్నీ సుమనీ కలిపి చాకిరేవు పెట్టేసింది. ఎవరి మందు వాళ్ళ దగ్గర ఉండాలి, ఇదేమన్నా పచ్చడి జాడీయా ఇంటింటికీ పంచుకోవడానికి, ముగ్గురూ వెంటనే రండి అని.

చిన్నారావు చెల్లెలికేసి చూడలేక ఇడ్లీకేసి చూస్తూ, "ఆడపడుచు సొమ్ము తినేసేనే," అన్నాడు.

"తిన్నావు. అరిగించుకో," అంది సుమ.

అతను నవ్వాడు. నవ్వితే పంటి గాయం లాగి, అబ్బా అన్నాడు. శిరీష అతని నెత్తిమీద మెల్లగా ఒకటి వేసింది.

పెళ్ళిళ్ళు అయ్యేదాకా ఆగలేదు ఈసారి. ఇద్దరు పెళ్ళికూతుళ్ళ జాకెట్లు వేరే టైలరుకి ఇచ్చేసి, వాళ్ళ తల్లుల చేత నానా మాటలూ పడి, అన్నాచెల్లెళ్ళు మౌనికని వెంటబెట్టుకుని కాకినాడలో రైలెక్కారు. అనుకున్నదే తేలింది, మౌనికకీ ఉంది. డాక్టరమ్మ మూడు పెట్టెలు బల్లమీద పెట్టి, ఒక్కోదానిమీద నల్ల పెన్నుతో ఒక్కో పేరు రాసింది. చిన్నారావు తన పెట్టె రెండుచేతులా పట్టుకుని, ఇంటికొచ్చేదాకా ఎవరికీ ఇవ్వలేదు. శ్రావణంలో జాకెట్టుముక్క, గాజులు, అరటిపళ్ళు మాత్రమే పట్టుకొచ్చాడు. చెల్లెలు చూస్తుండగా సంచి తిరగేసి దులిపి మరీ చూపించాడు.

తర్వాత కొన్నాళ్ళకి, ఒక ఆదివారం ఉదయం, సుమకి కడుపులో మొదలైంది.

ముందు సన్నగా పట్టేసినట్టుంది. పక్కింటి సెబాస్టియన్ గారి కోడలి గౌను అంచు కుడుతోంది అప్పుడు, చర్చికి వేసుకెళ్ళడానికి. ఈ అంచు కానిచ్చి చూద్దాం అనుకుంది, ఏళ్ళ అలవాటు. కాలు మిషనుమీదే ఉంది. రెండోసారి మెలిపెట్టింది. పళ్ళు బిగించి, గుడ్డ జరిపి, మళ్ళీ తొక్కబోయింది.

తలెత్తితే వంటింటి గుమ్మంలో మౌనిక. చేతిలో తోమిన గిన్నె. ఇంజక్షన్ చేసుకోమనలేదు, డాక్టరమ్మ చెప్పిందనలేదు. ఊరికే చూస్తోంది, ఈ అమ్మ ఇప్పుడేం చేస్తుందా అని.

సుమ కాలు మిషనుమీంచి తీసింది.

చేతులు కడుక్కుంది. ఫ్రిజ్జు తెరిచి, మౌనిక పేరున్న పెట్టె పక్కకి జరిపి, తన పేరున్నది తీసింది. కుర్చీలో కూర్చుని పొట్టమీద చీర సడలించుకుంది. సూది గుచ్చేటప్పుడు మొహం చిట్లించింది. తర్వాత లెక్కపెట్టింది. పైకే, ఆ పిల్లకి వినపడేలా. ముప్పై అయ్యాక సూది తీసి డబ్బాలో పడేసింది. నొప్పి పోలేదు. పోవడానికి ఇంకా సేపు పడుతుంది. మంచంమీద వాలి, పక్కన చోటు చూపించింది. మౌనిక గిన్నె పెట్టేసి వచ్చి కూర్చుంది.

"చూశావా?"

"చూశాను."

"నీకొస్తే ఏం చేస్తావు?"

"పొడుచుకుంటాను."

"ఎవర్నడిగి?"

మౌనిక తల్లి మొహంలోకి చూసింది.

"ఎవర్నీ అడగను," అంది.

సుమ కళ్ళు మూసుకుంది. బయట సెబాస్టియన్ గారి కోడలు గౌను కోసం పిలుస్తోంది. మౌనిక లేచి వెళ్ళి, అమ్మకి ఒంట్లో బాగోలేదు, పడుకుంది, సాయంత్రం రమ్మంది.